ఇంజిన్ ముట్టుకోకుండా పికప్ పెంచుకోండి: గోదావరి డెల్టా కార్లకి బరువు దించే సమగ్ర మార్గదర్శి

కారుకి పికప్ చాల్లేదంటే మన దగ్గర ముందు వినిపించే సలహా ఇంజిన్ మీద డబ్బు పెట్టమనే. రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చడం) చేయించండి, ఫిల్టర్ మార్చండి, సైలెన్సర్ మార్చండి అంటారు. ఇవేవీ లేకుండా, ఉన్న ఇంజిన్‌తోనే బండిని చలాకీగా చేసుకునే దారి ఒకటుంది. దాని మీదున్న బరువు దించడం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు చుట్టూ తిరిగే బండ్లకి ఈ దారి మరీ కలిసొస్తుంది. ఇక్కడి కార్లు మోస్తున్న దండగ బరువులో చాలా భాగం కంపెనీ పెట్టింది కాదండి. మనం షోకుకి బిగించింది కొంత, డిక్కీలో పడేసి మర్చిపోయింది కొంత, ఈ నేలా నీరూ ఎక్కించింది కొంత. దాన్ని దించడానికి పెద్ద ఖర్చేం ఉండదు.

పని మొదలెట్టే ముందు ఒక్క లెక్క మనసులో పెట్టుకోండి: కిలో దించడానికి ఎన్ని రూపాయలు పడుతోంది? పైసా పడని కిలోలు ముందు. అవన్నీ అయిపోయాకే ఖర్చుతో కూడినవి. ఈ వరస తిరగేసి కార్బన్ ఫైబర్ బానెట్‌తో మొదలెట్టే కుర్రాళ్లు ఉంటారు. వాళ్ల డిక్కీ తెరిచి చూస్తే చెరువులో చల్లాల్సిన సున్నం బస్తా అలాగే ఉంటుంది.

ఎంత తగ్గితే ఎంత తేడా

2018లో వచ్చిన పెట్రోల్ స్విఫ్ట్ తీసుకోండి. 1.2 లీటర్ల ఇంజిన్, 83 హార్స్‌పవర్, ఖాళీ బండి సుమారు 860 కిలోలు. నడిపే మనిషి 70, అక్కడా ఇక్కడా పేరుకున్న సామాను ఇంకో 70 అనుకుంటే వెయ్యి కిలోలు. అందులోంచి 60 దించారంటే 6 శాతం తగ్గినట్టు. అదే ఇంజిన్ ఆ మేరకి తక్కువ బరువు లాగుతుంది కాబట్టి తక్కువ, మధ్య వేగాల్లో బండి 88 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టినట్టు ఎత్తుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని వెళ్లడానికే ఎక్కువ శక్తి పోతుంది కనుక అక్కడ లాభం పలచబడుతుంది.

మైలేజీ కోసం మాత్రం ఈ పని పెట్టుకోకండి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 100 పౌండ్లు, అంటే దాదాపు 45 కిలోలు అదనంగా మోస్తే మైలేజీ పడిపోయేది 1 శాతం మాత్రమే. టైర్లలో గాలి సరిగ్గా కొట్టించుకున్నా దాదాపు అంత మిగలొచ్చు.

మనది బల్లపరుపు నేల, ఘాట్ రోడ్లు లేవు, ఎక్కాల్సిన ఎత్తులల్లా సిద్ధాంతం, జొన్నాడ, చించినాడ వంతెనల అప్రోచ్‌లే, ఇక బరువుతో పనేంటి అనిపించొచ్చు. నిజమే, హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్లకి పెద్దగా పనిలేదు. కానీ మనం నడిపేది ఎక్కువగా కాలువ గట్ల రోడ్ల మీద. ప్రతి ఊరి మొదట్లో ఓ స్పీడ్ బ్రేకరు, లాకుల దగ్గర మలుపు, ముందు ధాన్యం ట్రాక్టరు. తగ్గడం, మళ్లీ అందుకోవడం, దొరికిన కాస్త సందులో దాటడం. బరువు తేడా తెలిసేది సరిగ్గా ఈ మూడింట్లోనే. బ్రేకులు చల్లార్చాల్సిన శక్తి కూడా బరువుని బట్టే ఉంటుంది, కాబట్టి దించిన ప్రతి కిలో ఆపేటప్పుడు కూడా కలిసొస్తుంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇంజిన్ 40 హార్స్‌పవర్ కూడా లేదు. అయినా ఊళ్లో అది చురుగ్గానే తిరిగేదంటే, దాని బరువు 650 కిలోల దగ్గర ఉండబట్టే. 1996లో బ్రిటన్‌లో వచ్చిన లోటస్ ఎలీజ్ స్పోర్ట్స్ కారు, తేలికదనానికి పేరుపడ్డ ఆ బండి కూడా, 720 కిలోల పైచిలుకే. అంటే మన మారుతి కంటే బరువైనదన్నమాట!

ముందు కాటా

తూకం వేయకుండా మొదలెడితే అంతా ఊహే. రైసు మిల్లులున్న ప్రాంతంలో వేబ్రిడ్జికి కరువు లేదు. తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట, రామచంద్రపురం, ఎటు వెళ్లినా దొరుకుతుంది. కోతల సీజన్లో లారీల వరస ఉంటుంది, ఆ రోజుల్లో కారు తీసుకెళ్లి నిలబెడితే విసుక్కుంటారు. తీరిక ఉన్న వేళ చూసి వెళ్లండి.

బండిని రోజూ ఎలా వాడతారో అలాగే, ఏమీ తీయకుండా ఎక్కించండి. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో రాసుకోండి. మీరు దిగిపోయి చీటీ తీసుకోండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా బండిని జరిపి ఇంకో చీటీ తీసుకోండి. రెండో అంకె చాలామంది అడగరు, కానీ అదే ఎక్కువ విషయం చెబుతుంది. ముందు చక్రాలు లాగే మన చిన్న కార్లలో 60 శాతం పైచిలుకు బరువు ముందే ఉంటుంది. వెనక వైపు బరువు మరీ ఎక్కువగా తేలితే దండగ డిక్కీలో ఉంది. ముందు వైపు తేలితే గార్డులాంటివి చూసుకోవాలి.

లారీల కాటాలు 5, 10 కిలోల మెట్ల మీదే అంకె చూపిస్తాయి. మ్యాటు బరువెంత, బ్యాటరీ బరువెంత అన్నది వాటిమీద తేలదు. విడి సామాన్లకి ఎరువుల కొట్లో ఉండే ప్లాట్‌ఫారం కాటా గానీ, కొక్కెం ఉన్న చేతి డిజిటల్ కాటా గానీ సరిపోతుంది. తీసిన ప్రతిదాని బరువూ, దానికైన ఖర్చూ పక్కపక్కనే రాసుకోండి. ఆర్‌సీలో అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) అని ఒక అంకె ఉంటుంది. మీ చీటీకి, దానికి మధ్య తేడాయే మీ ముందున్న పని.

డిక్కీ

దీనికి మార్గదర్శి ఎందుకండీ, ఖాళీ చేయడమేగా అంటారు. చేసినవాళ్లు తక్కువ. రొయ్యల చెరువులున్నవాళ్ల డిక్కీల్లో మినరల్స్ ప్యాకెట్లు, చెక్ ట్రేలు, నీళ్ల శాంపిల్ డబ్బాలు, సగం వాడిన మేత బస్తా ఉంటాయి. కడియం నర్సరీకి వెళ్లొచ్చినవాళ్లయితే మట్టితో సహా కుండీలు. పండక్కి ఊరెళ్లి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు: బియ్యం, కొబ్బరికాయలు, పచ్చడి జాడీలు, అత్తగారు బలవంతాన పెట్టించిన పనసకాయ. పూతరేకుల పెట్టె ఒక్కటే పాపం ఏ కాటాకీ అందదు. ఇంటికి చేరాక వీటిలో సగం దిగుతాయి, మిగతావి ఉగాది దాకా బండిలోనే ఊరేగుతాయి.

అన్నీ కింద పెట్టండి. తిరిగి ఎక్కాల్సినవి: స్టెప్నీ, జాకీ, పానా, హెచ్చరిక త్రికోణం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓ టార్చి, తాగడానికి ఓ నీళ్ల సీసా. అంతే.

స్టెప్నీ తీసేస్తే 14, 15 కిలోలు ఒక్కసారే తగ్గుతాయని చెప్పేవాళ్లున్నారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చిన మాట నిజమే. అయినా ఉంచుకోమనే అంటాను. గోతిలో పడి టైరు పక్కగోడ చీలితే కిట్టు ఎందుకూ పనికిరాదు. రాత్రి 10 దాటాక లంక గ్రామాల రోడ్డు మీద పంక్చర్ షాపు వెతుక్కునేకంటే ఆ 15 కిలోలు మోయడమే నయం.

కార్పెట్ కింద నీళ్లు

బరువు తగ్గించడం గురించి ఎక్కడెక్కడో రాసినవి చదివితే ఈ మాట కనిపించదు, ఎందుకంటే అవి మన తేమలో బతికేవాళ్లు రాసినవి కావు. ఇక్కడి కార్లు నీళ్లు తాగుతాయి.

ముందు పాసింజరు కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు తీసి, కార్పెట్‌ని పిడికిలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగి, చెయ్యి తీశాక చల్లగా తగిలితే కింద తడి ఉన్నట్టే. పైన బట్ట ఆరిపోయి ఉంటుంది, మోసపోకండి. అసలు సరుకు దాని కింద ఉండే రెండంగుళాల ఫోమ్‌లో, ఉన్నిలాంటి నారలో దాక్కుంటుంది. తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీని పైకి లాగితే క్లిప్పులు టక్కుటక్కున ఊడివస్తాయి. కార్పెట్ అంచు ఎత్తి ఫోమ్‌ని ఒక్కసారి పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారితే, ఏసీ వేసినప్పుడల్లా వచ్చే ఆ ముక్కవాసన ఎక్కడిదో కూడా తెలిసిపోతుంది. లీటరు నీళ్లంటే కిలో. రెండు వైపులా తడిస్తే నాలుగైదు కిలోలు సులువుగా ఉంటాయి, వాన నీళ్లు లోపలికి వచ్చిన బండిలో అంతకు రెట్టింపు ఉన్నా ఆశ్చర్యం లేదు.

నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడకుండా ఆరబెడితే మళ్లీ నెలకి అదే కథ. వరసగా నాలుగు చోట్లు చూడండి. మొదటిది ఏసీ డ్రెయిన్ పైపు. మన ఉక్కపోతలో ఏసీ గంటకి చాలా నీళ్లు వదులుతుంది. ఆ పైపు దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు బయట కారకుండా పాసింజరు కాళ్ల దగ్గరికి దిగుతాయి. పది నిమిషాలు ఏసీ వేసి బండి కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూస్తే తేలిపోతుంది. రెండోది వైపర్ల కింద జాలీ. చెట్టు కింద పెట్టే బండ్లలో ఆకులు, పూత అంతా అక్కడ కుళ్లి నీటి దారి మూసేస్తాయి. మూడోది తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రాలు. తలుపు ఊపితే లోపల గలగలమంటే అవి పూడిపోయినట్టే, అగ్గిపుల్లతో పొడవండి. నాలుగోది స్టెప్నీ గుంట. స్టెప్నీ ఎత్తి చూడనివాళ్ల బండ్లలో అదో చిన్న చెరువు.

ఫోమ్ ఆరాలంటే సీట్లు తీయాల్సి రావచ్చు. నాలుగు బోల్టుల పనే, కానీ సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువో, బెల్టు బిగించే యంత్రానివో. బ్యాటరీ వైరు విప్పి కాసేపు ఆగకుండా వాటి జోలికెళ్లకండి. విప్పి ఉన్నంతసేపూ తాళం తిప్పకండి. చేతకాదనుకుంటే మెకానిక్‌కి కూలి ఇవ్వడమే మంచిది. ఆరబోయడానికి మాఘం నుంచి చైత్రం దాకా మంచి రోజులు. శ్రావణంలో పెట్టుకుంటే ఫోమ్ ఇంట్లో ఫ్యాన్ కింద వారం రోజులు పడుంటుంది, ఇంట్లోవాళ్ల మాటలు మీరే పడాలి. తడి ఫోమ్‌నీ, ఆరిన ఫోమ్‌నీ రెండుసార్లు కాటా వేసి తేడా రాసుకోండి. ఆ తడి అలాగే ఉంటే తినేది నేల రేకుని, కాబట్టి పికప్ మాట ఎలా ఉన్నా ఈ పని మాత్రం మానకండి.

దీనికి తోబుట్టువు లాంటిది నల్లమట్టి. చక్రం పైన ప్లాస్టిక్ లైనరుకి, బయటి రేకుకి మధ్య సందు ఉంటుంది. మన రేగడి అందులోకి చిమ్మి, ఎండి, మళ్లీ తడిసి గడ్డ కడుతుంది. పైనుంచి ఎంత కడిగినా పోదు. చక్రం విప్పి, లైనరు క్లిప్పులు తీసి, వేళ్లతో మట్టి లాగి, అప్పుడు నీళ్లు కొట్టాలి. వానాకాలం అయ్యాక ఒకసారి చేస్తే చాలు. వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి పైన ఓ యాభయ్యో వందో ఇస్తే అతనే చేస్తాడు. డబ్బు పెట్టి దించేవాటిలో ఇంత చవక కిలోలు దొరకడం కష్టం.

మనం బిగించినవి

ఇక్కడ కొంచెం మనసు రాయి చేసుకోవాలి. షోరూంలోంచి తెచ్చిన వారానికే ఎక్సెసరీస్ షాపులో బిగించిన సరుకంతా ఒక్కసారి లెక్కేయండి. ముందు బుల్ గార్డు, వెనక గార్డు, పక్కన ఫుట్‌స్టెప్పులు, పైన క్యారియర్, మందపాటి రెగ్జిన్ సీటు కవర్లు, మూడు పొరల మ్యాట్లు, డిక్కీలో చెక్క పెట్టెతో ఊఫర్, దానికో యాంప్లిఫయర్.

బుల్ గార్డు విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు. ఇనుప పైపుది 15 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది, అదీ బండి కొసకు వేలాడుతూ. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటిని చట్టవిరుద్ధమని రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందు భాగాన్ని అది నలగనివ్వదు, ఎయిర్‌బ్యాగు సెన్సర్లు లెక్క తప్పేలా చేస్తుంది. "తీసేస్తే బండి బోసిపోద్దేమోనండీ" అని తటపటాయించే వాళ్లని మా వైపు షెడ్లలో చూస్తుంటాను. మెకానిక్ ఒకతను దానికి మంచి సమాధానం చెప్పాడు: "బండి బోసిపోతే పర్లేదు బాబాయ్, కొంప బోసిపోకూడదు." తీసిన గార్డుని పాత ఇనుమువాడు కొంటాడు కూడా. బరువు తగ్గించి ఎదురు డబ్బు పుచ్చుకునే అవకాశం ఈ మొత్తంలో ఇదొక్కటే.

క్యారియర్ బరువు నెత్తి మీద ఉంటుంది. అదే బరువు నేల మీద ఉన్నదానికంటే మలుపుల్లో బండిని ఎక్కువ ఊపుతుంది. పైగా గాలికి అడ్డం. పెద్ద రూఫ్ బాక్స్ పెడితే హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా పడిపోతుందని ఆ అమెరికా లెక్కే చెబుతుంది. పెళ్లి సామాను తెచ్చే రోజున బిగించుకుని మర్నాడు విప్పేయండి.

ఊఫర్ పెట్టె కాటా వేసి చూడండి, 12 అంగుళాలదైతే 15 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. పాటలు లేకపోతే కుదరదంటే సీటు కింద ఇమిడే చిన్నది చాలు. మ్యాట్లలో రబ్బరు ట్రే లాంటివి నయం. తేలిగ్గా ఉంటాయి, దులిపితే మట్టి పోతుంది. మూడు పొరలవి మట్టినీ, తడినీ కూడా పట్టి ఉంచుతాయి. సీటు కవర్ల దగ్గర ఒక జాగ్రత్త: సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగు ఉన్న బండికి బిగుతైన కవరు అసలు ఉండకూడదు.

ఇంజిన్ కింద ఇనప గార్డు మాత్రం మీ దారిని బట్టి చూసుకోవాలి. టౌన్లో తిరిగే బండికి కంపెనీ ప్లాస్టిక్ షీటు చాలు. రోజూ పుంతల్లోంచి చెరువు గట్టెక్కే బండికి, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి దిగే బండికి అడుగు తగిలే ప్రమాదం ఉంటుంది. ఆ పది కిలోలు ఉంచుకోండి.

చక్రాలు

చక్రం దగ్గరి కిలోకి ధర వేరు. బండిలో కూర్చున్న కిలో ముందుకి కదిలితే చాలు. చక్రంలోని కిలో ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. టైరు అంచున ఉన్న కిలో, వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల లెక్కన ఇంజిన్ మీద పడుతుంది. రిమ్ములో ఉన్నదైతే ఒకటిన్నర దాకా. ఇది కాక, చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది. గోతిలో దిగి లేచేటప్పుడు షాకబ్జార్బరు ఆ బరువుని అదుపు చేయాలి. చక్రం తేలికైతే మన గతుకుల్లో టైరు రోడ్డుని వదలకుండా ఉంటుంది.

అల్లాయ్ అంటే తేలిక అని అందరూ అనుకుంటారు. పోత పోసిన చవక అల్లాయ్ చాలాసార్లు ఇనప రిమ్ము అంతే తూగుతుంది, సైజు పెంచితే ఎక్కువే తూగుతుంది. 14 అంగుళాల ఇనప రిమ్ము 7 కిలోల చుట్టూ ఉంటుంది. షోకుకి వేసే 16 అంగుళాలవి 9 దాటొచ్చు. పైగా రిమ్ము పెద్దదైతే బరువు కూడా అంచుకి జరుగుతుంది. కొనే ముందు షాపులోనే కొక్కెం కాటాకి తగిలించండి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి. రిమ్ము వెనక వైపు జేడబ్ల్యూఎల్ (అల్లాయ్ చక్రాలకి జపాన్ ప్రమాణం) గుర్తు, ఎంత బరువు మోస్తుందో తెలిపే అంకె ఉన్నాయో లేదో చూడండి. లేనిది ఎంత తేలికైనా వద్దు, మన గోతుల్లో పగులుతుంది.

ఇంతకుముందే పెద్ద రిమ్ములు వేయించి ఉంటే, అటక మీదున్న కంపెనీ రిమ్ములు దించి మళ్లీ వేసుకోవడం అన్నిటికంటే తెలివైన పని. చక్రానికి రెండు కిలోలు తగ్గినా నాలుగింటికి 8, అదీ ఒకటిన్నర లెక్కన. కొత్తవి కొనాలంటే లెక్క ఇలా వేయండి: సెట్టుకి 24,000 పెట్టి చక్రానికి కిలోన్నర చొప్పున 6 కిలోలు తగ్గితే కిలో 4,000 పడింది. ఇంతకుముందు మట్టి లాగిన కిలోతో పోల్చుకోండి. టైర్లు అరిగి ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం, అదే సైజులో తేలిగ్గా ఉన్నవి అడిగి తీసుకుంటే అదనపు ఖర్చు లేకుండా పని జరుగుతుంది. టైరు మీద ఉండే లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు అంకె), స్పీడ్ అక్షరం (తట్టుకునే వేగం గుర్తు) కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు.

ట్యాంకూ, గ్యాసూ

లీటరు పెట్రోలు సుమారు 750 గ్రాములు. 37 లీటర్ల ట్యాంకు నిండితే 28 కిలోలు. ఊళ్లో తిరుగుడుకి సగం చాలు, 14 కిలోలు ఉచితంగా దిగినట్టే. అలాగని ఎర్ర లైటు వెలిగేదాకా లాగకండి. ట్యాంకులో ఉండే పంపుకి ఆ పెట్రోలే చల్లదనం. పావు ట్యాంకుకి తగ్గకుండా చూసుకోండి.

సీఎన్‌జీ బండ్లు అదే మోడల్ పెట్రోల్ బండి కంటే 90, 100 కిలోల దాకా బరువెక్కువ. ఇనప సిలిండరే అందులో సింహభాగం. గ్యాసు మీద నడిపేటప్పుడు ఇంజిన్ శక్తి కూడా కాస్త తగ్గుతుంది. నెలకి వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఆ ఆదా ముందు పికప్ మాటే వద్దు, అలాగే వాడుకోండి. బయట బిగించిన పాత కిట్టు, ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్నదైతే తీయించడంలో అర్థముంది. అనుమతి ఉన్న కిట్టు షాపులోనే తీయించి, ఆర్‌సీలో ఇంధనం మార్పించుకోవాలి. పానా పట్టుకుని సొంతంగా చేసే పని కాదిది.

బ్యాటరీ, సైలెన్సరు

చిన్న కారు లెడ్ బ్యాటరీ 9, 10 కిలోలు. లిథియందైతే మూడో వంతు బరువే, కానీ ధర కొన్ని రెట్లు. బానెట్ కింద మన ఎండల వేడికి దాని ఆయువెంతో చూసుకోవాలి. రోడ్డు బండికి అనవసరం. సైలెన్సరు మారిస్తే రెండు మూడు కిలోలు దిగుతాయేమో గానీ, చప్పుడుకి చలానా వస్తుంది. బీఎస్6 బండిలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ముట్టుకుంటే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి కూర్చుంటుంది.

ముట్టుకోకూడనివి

రేసు కార్లవాళ్లు చేసేవన్నీ మనకి నప్పవు. వాళ్లు నేల రేకుకి అంటించిన తారు షీట్లని డ్రై ఐస్‌తో గడ్డకట్టించి సుత్తితో పగలగొట్టి తీసేస్తారు. ఆరేడు కిలోలు తగ్గొచ్చు. ఉప్పుగాలి తగిలే మన తీరంలో, అంతర్వేదో ఓడలరేవో తిరిగే బండికి అలా చేస్తే నేల తుప్పు పట్టిపోతుంది. అడుగున కొట్టించిన తుప్పు మందు పూత కూడా అంతే, దాని బరువు బరువు కాదు. ఏసీ తీస్తే 15 కిలోల పైనే, కానీ మే నెలలో కాకినాడ వెళ్లొచ్చాక ఆ మాట మళ్లీ ఎత్తరు. వానలో అద్దాల మీది ఆవిరి పోగొట్టేదీ ఆ ఏసీయే.

తలుపుల లోపలి అడ్డ కడ్డీలు, బంపరు వెనక ఇనుము, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, హెడ్‌రెస్టులు, అద్దాలు: వీటి జోలికి వద్దు. వెనక సీటు తీసేస్తే పాతిక కిలోల దాకా దిగే మాట నిజమే గానీ, ఆర్‌సీలో ఐదుగురు అని రాసి ఉన్న బండిని ఇద్దరి బండిగా మార్చినట్టవుతుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ వెతికేదీ ఇలాంటి మార్పులనే.

దించాక

మళ్లీ అదే కాటాకి, ట్యాంకులో అంతే పెట్రోలుతో వెళ్లండి. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకోండి. వెనక నుంచి చాలా బరువు దిగి ఉంటే బండి తోక కాస్త లేస్తుంది. అప్పుడు హెడ్‌లైట్లు కిందకి చూస్తాయి, సర్దించుకోవాలి. వీల్ అలైన్‌మెంట్ ఒకసారి చూపించండి. టైరు గాలి తలుపు పక్కన స్టిక్కరు మీద తక్కువ మందికి రాసిన అంకెకి మార్చండి. డిక్కీ నిండా సామానుతో నడిపే అలవాటున్నవాళ్లకి మరో మాట: వెనక తేలికైతే తడి బురద రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు తోక కొంచెం జారినట్టు తగలొచ్చు. మొదటి వారం మలుపుల్లో నెమ్మదిగా చూసుకోండి.

పికప్ ఎంత పెరిగిందో పరీక్షించాలంటే సున్నా నుంచి వంద దాకా లాగడం వద్దు. మూడో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతోందో, పక్కన కూర్చున్నవాళ్లు స్పీడోమీటరుని ఫోన్లో వీడియో తీస్తే తర్వాత తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. బరువు దించక ముందు ఒకసారి, దించాక ఒకసారి, రెండు సార్లూ ఏసీ ఆపి, అంతే మందితో. మధ్యాహ్నం అయితే సముద్రం గాలి లెక్క తారుమారు చేస్తుంది, అందుకని పొద్దున్నే, అటొకసారి ఇటొకసారి నడిపి సగటు తీయండి. కాలువ గట్టు మీద ఈ పరీక్షలు పెట్టకండి. పక్కకి తప్పుకునే చోటుండదు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. జనం, పశువులు లేని తిన్నటి వెడల్పాటి రోడ్డు, అనుమతించిన వేగంలోపే.

తీసిన కంపెనీ సామాన్లు ఏవున్నా పేరు రాసి గోనెసంచిలో కట్టి, మట్టి తగలని చోట పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది వాటినే. వానాకాలం అయ్యాక ఆ లైనర్లు మళ్లీ ఒకసారి విప్పించండి, స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి, డిక్కీ మళ్లీ ఎంత నిండిందో లెక్క తేల్చండి.